ట్రీటెడ్ చెక్క గది: పెయింట్ డబ్బా కొనేముందు నీళ్ళ దారి చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. చేవెళ్ళ దగ్గర మామిడితోటలో 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవున్న ట్రీటెడ్ పైన్ గది కట్టించారు. "ఇది ప్రెషర్ ట్రీట్‌మెంట్ చేసిన చెక్క, పాతికేళ్ళు చెయ్యి పెట్టక్కర్లేదు" అని కట్టినాయన చెప్పాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి గోడలు బూడిదరంగుకు తిరిగాయి. అడుగున జానెడు ఎత్తు వరకూ పలకలు నల్లబడ్డాయి. వసారా ఉన్న వైపు మాత్రం ఇంకా తేనెరంగులోనే ఉన్నాయి. వానలు పడితే తలుపు పట్టేస్తోంది. వెనక మూల స్తంభం మీద సన్నగా మట్టి గీత కనిపించింది. ఏ వార్నిష్ వేయాలి, వానాకాలమంతా టార్పాలిన్ కప్పి ఉంచితే మంచిదా అని అడిగారు.

టార్పాలిన్ వద్దు. లోపల చేరిన తడి బయటికి పోక, చెక్క నెలల తరబడి ఉడికినట్టు ఉంటుంది. వార్నిష్ సంగతి చివర చెబుతాను, ఎందుకంటే అది చివర చేయాల్సిన పనే. ఇరవై రెండేళ్ళుగా చెక్క గదులు, పందిళ్ళు, డెక్‌లు కడుతున్నాను, పాడైనవి బాగు చేస్తున్నాను. నేను విప్పి చూసినవాటిలో చాలా వరకు రంగు లేక పాడైనవి కావు. వచ్చిన నీళ్ళకు పోయే దారి లేక పాడయ్యాయి.

ట్రీట్‌మెంట్ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం, ఎందుకంటే మీకు చెప్పిన ఆ పాతికేళ్ళ మాటలో సగం నిజం ఉంది. పైన్ మెత్త చెక్క. టేకు చేవకు ఉన్నట్టు కుళ్ళునూ చెదనూ తట్టుకునే సొంత బలం దానికి లేదు. అందుకే పలకల్ని పెద్ద ఇనుప సిలిండర్‌లో పెట్టి, గాలి లాగేసి, రాగి కలిసిన మందునీళ్ళను ఒత్తిడితో లోపలికి ఎక్కిస్తారు. ఇలా వాడే మందుల్లో ప్రపంచమంతా చలామణి అయినది సీసీఏ. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ మూడూ కలిసిన మందు అది. దాన్ని 1933లో కనిపెట్టింది మన దేశం వాడే, డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన శొంఠి కామేశం. అంతకుముందు నీళ్ళలో కలిపి ఎక్కించే మందులు చాలావరకు వానకు కడుక్కుపోయేవి. ఈ మూడూ కలిశాక చెక్క నారలోనే పట్టుకుని ఉండిపోయాయి. చెక్క పని చేసేవాళ్ళలో చాలామందికి ఆయన పేరు తెలియదు, అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఆర్సెనిక్ భయంతో అమెరికాలో 2003 చివరి నుంచి ఇళ్ళ అవసరాలకు సీసీఏ చెక్క చేయడం ఆపేశారు. ఇప్పుడు ఏసీక్యూ, కాపర్ అజోల్ లాంటి ఆర్సెనిక్ లేని మందులూ వాడుకలో ఉన్నాయి. మీ చెక్కకు ఏది ఎక్కించారో బిల్లు మీద ఉందేమో చూడండి, లేకపోతే అడిగి రాయించుకోండి. తర్వాత చేసే పనుల్లో రెండుమూడు దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఏ మందైనా చేసే పని ఒకటే. చెక్కను కుళ్ళబెట్టే బూజుకు, తినే చెదకు అది విషం. నీళ్ళను మాత్రం ఆపదు. ట్రీటెడ్ పలక కూడా వానకు నానుతుంది, ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని చీలుతుంది. పైగా మందు పలక నడిబొడ్డు దాకా ఎక్కదు. పైన్‌లో బయటి లేత భాగం బాగా పీల్చుకుంటుంది, లోపలి చేవ పెద్దగా తీసుకోదు. చీలిక ఆ లోపలి భాగం దాకా వెళ్ళిందంటే నీళ్ళు నేరుగా మందు లేని చెక్కలోకి చేరతాయి. చెక్కలో తేమ 20 శాతం దాటి చాలాకాలం నిలిస్తేనే కుళ్ళు మొదలవుతుంది. తెలంగాణలో పొడి రోజుల్లో చెక్క తేమ అంతకంటే చాలా తక్కువే. అంటే వాన వెలిసిన రెండుమూడు రోజుల్లో ఆరిపోయే గదికి భయం లేదు. ఆరని చోట్లు ఎక్కడున్నాయో కనిపెట్టడమే అసలు పని.

దానికి మంచి పద్ధతి ఒకటుంది. గట్టి వాన పడే రోజు గొడుగు పట్టుకుని ఓ అరగంట గది చుట్టూ తిరగండి. చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో, పడినవి ఎటు చిందుతున్నాయో, కిటికీ కింద ఏ మూల నుంచి ధార కడుతోందో ఫోన్‌తో వీడియో తీయండి. వాన ఆగిన మర్నాడు సాయంత్రం మళ్ళీ వెళ్ళి, పలకల మీద అరచెయ్యి పెట్టి చూడండి. చల్లగా తగిలిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. నా లెక్కలో తేమ కొలిచే ఏ మీటర్ అయినా దీని తర్వాతే.

మీ విషయంలో సగం జవాబు మీరే రాసేశారు. నలుపు సరిగ్గా జానెడు ఎత్తులో ఆగింది, వసారా వైపు అసలు లేదు. అంటే అది నేల నుంచి పాకిన తడి కాదు. చూరు నుంచి పడిన నీళ్ళు మట్టిని తాకి, బురదతో సహా గోడ మీదకి ఎగిరి పడుతున్నాయి. వసారా వైపు చూరు దూరంగా ఉంది కాబట్టి చింది గోడను చేరడం లేదు. మీ చూరు గోడ నుంచి తొమ్మిది అంగుళాలే బయటికి ఉందని రాశారు. మన వానలకు అది చాలదు, రెండడుగులైనా ఉండాలి. కప్పు విప్పకుండానే వాసాల కొసలకు ముక్కలు జతచేసి రేకు పొడిగించవచ్చు. అది కుదరకపోతే చూరు వెంట గట్టర్ కట్టించి, నీళ్ళను గొట్టంతో ఓ పది అడుగుల అవతలికి, వీలుంటే మామిడి చెట్ల పాదుల్లోకి వదలండి. గట్టర్‌లో మామిడాకులు నిండుతాయి కాబట్టి జూన్‌కు ముందొకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి తీయించాలి. చూరు కింద రెండడుగుల వెడల్పున మట్టి తీసేసి ముప్పావు అంగుళం కంకర నింపండి. నీళ్ళు కంకర మీద పడితే విరిగిపోతాయి, మట్టి మీద పడ్డట్టు ఎగరవు. వీటిలో ఏది చేసినా ఆ నలుపు పెరగడం ఆగిపోతుంది. అన్నీ చేస్తే మరీ మంచిది.

గోడ వెంట పూలమొక్కల కోసం మట్టి ఎగదోశారా? మీరు పంపిన ఫోటోలో ఎడమవైపు అలాగే కనిపిస్తోంది. దాన్ని ఈ వారమే తీయించండి. నేలకూ అడుగు పలకకూ మధ్య కనీసం ఎనిమిది అంగుళాల ఖాళీ ఉండాలి, గది కిందికి గాలి అటూఇటూ ఆడాలి.

స్తంభాల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే నేనొకసారి పెద్ద తప్పు చేశాను. పన్నెండేళ్ళ కిందట వికారాబాద్ వైపు ఒకరికి తోటలో గది కట్టాను. స్తంభాలు పొడవుగా వస్తే సైట్‌లోనే అడుగు చొప్పున కోసి, కోసిన కొసను కిందికి పెట్టి, గుంటలో నిలిపి చుట్టూ కాంక్రీట్ పోయించాను. ట్రీటెడ్ చెక్కే కదా అనుకున్నాను. నాలుగో ఏడు ఆయన ఫోన్ చేసి గది ఒకవైపు కుంగిందన్నారు. వెళ్ళి కాంక్రీట్ అంచు దగ్గర స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పిడి దాకా దిగిపోయింది. కాంక్రీట్ పగలగొట్టి చూస్తే స్తంభం అడుగు నానబెట్టిన అటుకుల్లా చేతికి ముద్దగా వచ్చింది. జానెడు పైన అదే స్తంభం రాయిలా ఉంది. కోయడంతో మందు ఎక్కని లోపలి భాగం బయటపడింది. చుట్టూ కాంక్రీట్ గిన్నెలా నీళ్ళు పట్టి ఉంచింది. చెక్క నీళ్ళను పక్కల నుంచి కంటే కొసల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పీలుస్తుంది. ఆరు స్తంభాలూ నా ఖర్చుతో మార్చాను.

అప్పటి నుంచి ఏ స్తంభాన్నీ నేలలో పాతలేదు. నేల మీదికి తేలిన సిమెంటు దిమ్మ, దాని మీద గాల్వనైజ్డ్ ఇనుప బ్రాకెట్, ఆ బ్రాకెట్‌లో దిమ్మకు అంగుళం పైకి లేపి నిలిపిన స్తంభం. కోసిన ప్రతి కొసకూ కాపర్ నాఫ్తనేట్ లాంటి మందు బ్రష్‌తో, ఇక పీల్చుకోనంత వరకూ రెండుమూడు సార్లు పట్టిస్తాను. బోల్ట్ కోసం వేసిన రంధ్రంలో కూడా పోస్తాను. మీ స్తంభాలు ఎలా నిలిపారో మీరు రాయలేదు. నేరుగా కాంక్రీట్‌లోకి దిగి ఉంటే, ప్రతి స్తంభం మొదట్లోనూ స్క్రూడ్రైవర్ పరీక్ష చేయండి. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా చెక్క అయితే ముద్ర కూడా చూడండి. హెచ్ 3 అంటే నేలకు తగలకుండా వానలో ఉండగలది. మట్టిలో ఉండాలంటే కనీసం హెచ్ 4 కావాలి. హెచ్ 3 స్తంభాన్ని పాతిపెట్టడం మన దగ్గర నేను తరచూ చూస్తున్న తప్పు.

తలుపు పట్టేయడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి చెక్క ఉబ్బడం, రెండోది నేల కదలడం. మీ వైపు రేగడి నేల ఎక్కువ. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, దాంతో దిమ్మలూ కదులుతాయి. తలుపు చట్రానికి మూల నుంచి మూలకు టేపు పెట్టి రెండు కొలతలూ చూడండి. పావు అంగుళానికి మించి తేడా ఉంటే చట్రం వాలింది, అప్పుడు దిమ్మల సంగతి చూడాలి. కొలతలు సమానంగా ఉంటే చెక్క ఉబ్బిందంతే. వడ్రంగిని పిలిచి వానల్లో చిత్రిక పట్టించకండి. ఆగస్టులో తీసిన చెక్క మార్చిలో వేలెడు సందై కనిపిస్తుంది. జనవరిలో తలుపు విప్పి, పై అంచుకూ కింది అంచుకూ కోటింగ్ వేయించండి. నేను చూసిన తలుపుల్లో నూటికి తొంభైకి ఆ రెండు అంచులూ పచ్చిగానే ఉంటాయి, ఎవరికీ కనిపించవు కాబట్టి.

ఇక ఆ మట్టి గీత. అది చెద గొట్టమే. మొదటి వానలకు లైటు చుట్టూ ఉసిళ్ళు మూగుతాయే, అవి రెక్కలొచ్చిన చెదలే. తోటలో చెద పుట్టలు ఉండటం మామూలే, దానికి టెన్షన్ పడకండి. గీతను మొత్తం తుడిచేయకుండా మధ్యలో అంగుళం ముక్క రాల్చి, రెండ్రోజుల తర్వాత చూడండి. మళ్ళీ అతికి తడిగా ఉంటే పురుగు ఇంకా తిరుగుతోందని అర్థం. ట్రీటెడ్ చెక్కను అది తినకపోవచ్చు. కానీ దాని మీదుగా పైకెక్కి, మందు లేని రీపర్లు, మామూలు ప్లైవుడ్, పుస్తకాలు, గోనెసంచులు, అట్టపెట్టెలు వెతుక్కుంటుంది. నేను చూసిన ఒక గదిలో గోడలకు ఒక్క గాటు లేదు, లోపల అల్మారా వెనక ప్లై మాత్రం కాగితంలా మిగిలింది.

కాబట్టి మందు చెక్కకు కాదు, నేలకు కొట్టించాలి. కట్టేసిన భవనాలకు చెద మందు ఎలా వేయాలో ఐఎస్ 6313 అనే భారతీయ ప్రమాణం మూడో భాగంలో ఉంది, లైసెన్స్ ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళకు అది తెలిసి ఉండాలి. గది చుట్టూ, ప్రతి దిమ్మ పక్కన మట్టిలోకి ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు దింపుతారు. బావి గానీ బోరు గానీ దగ్గర్లో ఉంటే పని మొదలయ్యే ముందే వాళ్ళకు చూపించండి. దిమ్మకూ స్తంభానికీ మధ్య జింకు రేకు ముక్క అంచులు కిందికి వంచి పెట్టిస్తే, చెద దాని చుట్టూ తిరిగి రావాలి, అప్పుడు గొట్టం కంటికి కనబడుతుంది. గోడకు ఆనించి పెట్టిన మామిడి పెట్టెలు, కట్టెలమోపు దూరంగా మార్చండి. వాటి చాటున ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు.

మేకుల కింద నల్లటి చారలు దిగాయా చూడండి. మామూలు ఇనుప మేకులు తడి చెక్కలో తుప్పు పడతాయి. ఏసీక్యూ, కాపర్ అజోల్ ఎక్కించిన చెక్కలో రాగి ఎక్కువ కాబట్టి ఇంకా త్వరగా పోతాయి. తుప్పుపట్టిన వాటి స్థానంలో హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి తీసినవి) గానీ స్టెయిన్‌లెస్ గానీ వేయించండి. సముద్రం దగ్గర కట్టేవాళ్ళకు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ తప్ప వేరేది చెప్పను. విశాఖ వైపు వాళ్ళు ఇది చదువుతుంటే ఇంకో మాట: వాసాలను గోడకు మేకులతో వదిలేయకండి, ఇనుప పట్టీలతో దిమ్మ దాకా కట్టండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు గాలి ఎంత పని చేయగలదో అక్కడివాళ్ళంతా చూశారు.

సిలికాన్ ట్యూబ్ చేతిలో ఉంటే ప్రతి సందూ పూడ్చేయాలనిపిస్తుంది. పలకల కింది అంచులు మాత్రం పూడ్చకండి. పైనుంచి ఎలాగోలా లోపలికి వెళ్ళిన నీళ్ళు దిగిపోయే దారి అదే. కిటికీ పైన కూడా సిలికాన్ కంటే, పై పలక వెనకకు దూర్చి ముందుకు వంచిన జింకు రేకు పట్టీ మేలు. సిలికాన్ రెండుమూడు ఎండాకాలాలకు ఊడుతుంది, ఊడిన సంగతి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. రేకు స్క్రూల కింద ఉండే రబ్బరు వాషర్లు కూడా ఎండకు పగులుతాయి. మే నెలలో ఎవరినైనా ఎక్కించి చూపించండి.

ఇక పూత. క్లియర్ వార్నిష్ వద్దు. చెక్క బూడిదరంగుకు తిరిగేది వానకు కాదు, ముఖ్యంగా ఎండలోని అల్ట్రావయొలెట్‌కు. చెక్క నారను అంటిపెట్టుకుని ఉండే లిగ్నిన్‌ను అది విరగ్గొడుతుంది. క్లియర్ పూత గుండా ఎండ నేరుగా లోపలికి పోతుంది, పూత కింద చెక్క పై పొర పిండైపోతుంది, అప్పుడు పూత పొరలు పొరలుగా లేస్తుంది. లేచిన చోట నీళ్ళు దూరి లోపలే నిలుస్తాయి. మళ్ళీ వేయాలంటే గోడంతా గీకాలి. దాని బదులు రంగు కలిసిన, చెక్కలోకి ఇంకే ఆయిల్ బేస్డ్ వుడ్ స్టెయిన్ వాడండి. ఆ రంగు పొడే గొడుగులా ఎండను ఆపుతుంది. లేత తేనెరంగు కంటే ముదురు గోధుమరంగు ఎక్కువ కాలం నిలుస్తుంది. అది పొరలుగా లేవదు, మెల్లగా వెలిసిపోతుంది, అప్పుడు కడిగి పైనే ఇంకో చేయి వేస్తే సరిపోతుంది.

వేసేముందు మెత్తటి బ్రష్‌తో, సబ్బునీళ్ళతో కడగండి. బైకులు కడిగే ప్రెషర్ పంపు తేవద్దు, అది నారను లేపేస్తుంది. నల్లమరకలకు ఆక్సాలిక్ యాసిడ్ పనిచేస్తుంది, గ్లోవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని. దాన్ని బ్లీచింగ్‌తో మాత్రం ఎన్నడూ కలపకండి, విషవాయువు వస్తుంది. మీది సీసీఏ చెక్క అని తేలితే ఎమరీ పట్టించకండి, ఆ పొడిలో ఆర్సెనిక్ ఉంటుంది. వేరే మందైతే మాస్క్ పెట్టుకుని తేలిగ్గా రుద్దవచ్చు. తర్వాత చెక్క ఆరిందో లేదో చూడటానికి గోడ మీద నాలుగు చుక్కలు నీళ్ళు చల్లండి. రెండుమూడు నిమిషాల్లో ఇంకితే పూతకు సిద్ధంగా ఉన్నట్టు. పూసల్లా నిలిస్తే ఇంకో వారం ఆగండి.

మీ ప్రాంతానికి నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకూ మంచి కాలం. పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి, మధ్యాహ్నం మూడింటికల్లా ముగించండి. మే ఎండలో వేస్తే ఇంకేలోపే పైన ఆరిపోతుంది. కోస్తాలో అయితే డిసెంబర్ వానలు కూడా దాటనిచ్చి జనవరిలో మొదలుపెట్టాలి. పల్చగా రెండు చేతులు చాలు, పలకల కొసలకు మాత్రం మూడు నాలుగు సార్లు పట్టించండి. దక్షిణం, పడమర గోడలకు రెండేళ్ళకోసారి, మిగతావాటికి మూడు నాలుగేళ్ళకోసారి మళ్ళీ వేయాలి. అవిసె నూనె ఉన్న పూతలు తుడిచిన గుడ్డలను ముద్దచేసి పడేయకండి. వాటికవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ళ డబ్బాలో వేయండి.

పాత ఇంజన్ ఆయిల్ కొట్టమని ఎవరో చెప్పారని రాశారు. దయచేసి వద్దు. చెయ్యి తగిలితే అంటుకుంటుంది, త్వరగా నిప్పంటుకుంటుంది, మట్టిలోకి దిగి తోటను పాడుచేస్తుంది, తర్వాత ఏ పూతా దాని మీద నిలవదు. కోస్తాలో పడవలకు జీడిపెంకు నూనె పూసే అలవాటు పాతది, పడవకు అది బాగానే పనిచేస్తుంది. కానీ చర్మాన్ని కాలుస్తుంది. మనుషులు ఆనుకుని కూర్చునే గోడకు అది తగదు.

ఒక్క విషయం మాత్రం ఈరోజే చేయండి. మిగిలిన ట్రీటెడ్ ముక్కలు తోటలో ఎక్కడైనా పడి ఉంటే అన్నీ ఏరించి ఒకచోట పెట్టించండి. తోటపని వాళ్ళు తెలియక పొయ్యిలోకి తీసుకుపోతారు. సీసీఏ చెక్క కాల్చిన పొగలో, బూడిదలో ఆర్సెనిక్ ఉంటుంది. ఆ బూడిదతో గిన్నెలు తోమే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వాళ్ళకు మీరే స్వయంగా చెప్పండి.

వెనక మూల స్తంభం మొదట్లో స్క్రూడ్రైవర్ ఎంత దిగిందో రాయండి. పావు అంగుళం లోపే ఆగితే ఈ వరుసలో వెళ్ళండి: మట్టి తీయించడం, చెద మందు, చూరు, కంకర, తలుపు అంచులు, ఆ తర్వాతే పూత. అర అంగుళం దాటి దిగితే పూత డబ్బా కొనకండి. కప్పుకు జాకీ పెట్టి ముందు ఆ స్తంభం మార్చాలి, అది ఎలా చేయాలో ఆ స్తంభం ఫోటో పంపితే చూసి రాస్తాను.